తొమ్మిది రోజులు చెప్పని మాట

బీరంగూడ కమాను దాటి కొంచెం లోపలికి వస్తే, ఇనుప సామాన్ల కొట్టుకూ టైర్ల కొట్టుకూ మధ్య ఒక రేకుల షెడ్డు ఉంది. శ్రీశైలం, పాండు అనే అన్నదమ్ములు కలిసి నడిపే కార్ల రిపేరు షెడ్డు అది. బోర్డు మీద పేర్లు అన్నదమ్ములవే అయినా మొన్నమొన్నటి దాకా అక్కడికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది శ్రీశైలం భార్య సునందను. లైటు వెలగకపోయినా, హారన్ దానంతటదే మోగినా, బ్యాటరీ నిలవకపోయినా "అక్క ఉన్నదా?" అనేవాళ్లు. సునంద చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, చేతిలో టెస్టర్‌తో వచ్చేది. అరగంటలో జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది.

ఆ విద్య ఆమెకు బడిలో అబ్బలేదు. పుట్టిల్లు కొండాపూర్ మండలంలో ఒక పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. పెళ్లయిన మరుసటేడు పాశమైలారంలో ఒక కంపెనీలో చేరింది. మనిషి ఒంట్లో నరాల్లాగా కారు నిండా పరుచుకునే తీగల కట్టలు తయారుచేసే కంపెనీ. నిలువెత్తు పలక మీద రంగురంగుల తీగలను వరసగా పరిచి, టేపు చుట్టి, ఇంజనుకు ఎక్కడెక్కడ అంటిపెట్టుకుని ఉండాలో అక్కడక్కడ ప్లాస్టిక్ క్లిప్పులు బిగించడం ఆమె పని. పదకొండేళ్లు అదే చేసింది. కళ్లు మూసుకున్నా ఏ తీగ ఎటు పోతుందో ఆమె వేళ్లకు తెలిసిపోయేది. ఒక ఏడు కంపెనీ ఆ లైనును వేరే రాష్ట్రానికి తరలించి, ఇక్కడ మిగిలిన ఆడవాళ్లను ప్యాకింగులో వేసింది. అట్టపెట్టెలు మడిచే పని సునందకు నచ్చలేదు. మానేసి భర్త షెడ్డుకు వచ్చింది. ఏడాది తిరిగేసరికి షెడ్డుకు ఆమే పెద్ద పేరు తెచ్చింది.

ఆ తర్వాత పాండుకు పెళ్లయింది. కోడలుగా వచ్చిన జ్యోతి సంగారెడ్డి పిల్ల. పాలిటెక్నిక్ చదివి, ఒక పెద్ద సర్వీస్ సెంటర్లో రెండేళ్లు పనిచేసి వచ్చింది. కారు స్టీరింగు కింద ఉండే సాకెట్‌కు స్కానర్ తగిలించి, ఇంజను కంప్యూటర్ ఏం ఫిర్యాదు చేస్తోందో అంకెల్లో చదవడం ఆమెకు వచ్చు. పెళ్లయిన రెండో నెలలోనే పాండు మంచి స్కానర్ ఒకటి కొన్నాడు. తెల్లాపూర్ ఎత్తైన అపార్టుమెంట్ల నుంచి కొత్త కార్లు రావడం మొదలైంది. వాటి సొంతదార్లు బండి ఆపుతూనే "ఆ మేడమ్ ఉన్నారా?" అని అడిగేవాళ్లు. ఒకాయన జ్యోతి పనిచేస్తుండగా వీడియో తీసి ఫోన్లో పెట్టాడు. దాన్ని వేలమంది చూశారని పాండు చుట్టాలందరికీ పంపించాడు. ఆ వీడియోలో జ్యోతి వెనకాల, బానెట్ పట్టుకుని నిలబడ్డ సునంద మోచేయి మాత్రం కనిపించింది.

సునందకు అప్పటి నుంచి కడుపులో నిప్పు పడింది. జ్యోతి నోరు దురుసు మనిషై ఉంటే ఆమెకు కొంత సుఖంగా ఉండేది. తిట్టుకోవడానికి ఒక కారణం దొరికేది. కానీ ఆ పిల్ల పొద్దున్నే చాయ్ పెట్టి ముందు అక్కకే ఇచ్చేది. "నువ్వు చుట్టిన టేపు కంపెనీ టేపు లెక్కనే ఉంటదక్కా, నాకు గట్ల రాదు" అని మనస్ఫూర్తిగా మెచ్చుకునేది. ఆ మెచ్చుకోలు సునందకు, చదువుకున్నమ్మ పనిమనిషిని మెచ్చుకున్నట్టు వినిపించేది. ఒకరోజు పాతకాలపు టెంపో ఒకటి లైట్లు పోయి వస్తే, కట్టుకున్న మొగుడే "జ్యోతిని జెర చూడుమను" అన్నాడు. టెంపోకు స్కానర్ పెట్టే చోటే లేదు. అయినా ఆ మాట శ్రీశైలం నోట అలవాటుగా వచ్చేసింది. ఆ పూట సునంద అన్నం సగంలో వదిలేసి లేచింది. ఏమైందని అడిగితే పండ్లు నొస్తున్నాయంది.

ఇలా ఉండగా యాదగిరి బండి వచ్చింది.

యాదగిరిది సునంద పుట్టింటి ఊరే. ఏడుగురు కూర్చునే పాత డీజిల్ బండి ఉంది. రోజూ పొద్దున ఆ ఊరి నుంచి ఏడుగురు ఆడవాళ్లను పాశమైలారం కంపెనీకి తీసుకుపోయి, సాయంత్రం తిరిగి దింపుతాడు. సునందతో ఒకే లైనులో పనిచేసిన లక్ష్మీనరసమ్మ ఇంకా ఆ కంపెనీలోనే ఉంది, ఆ బండిలోనే పోతుంది. నడుస్తూ నడుస్తూ బండి చెప్పాపెట్టకుండా ఆగిపోతోందని, కాసేపాగితే మళ్లీ స్టార్టవుతోందని యాదగిరి చెప్పాడు.

జ్యోతి స్కానర్ పెట్టింది. పీ సున్నా మూడు మూడు ఐదు అని వచ్చింది. క్రాంక్ సెన్సర్ దారిలో ఏదో లోపం ఉందని దాని అర్థం. ఇంజనులోని ప్రధాన ఇరుసు ఎంత వేగంగా తిరుగుతోందో, ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది ఆ సెన్సరే. దాని మాట అందకపోతే డీజిల్ ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్‌కు తెలియదు, ఇంజను ఆగిపోతుంది. జ్యోతి సెన్సర్ మార్చింది, కోడు చెరిపేసింది, బండిని ముత్తంగి దాకా నడిపి చూసింది. బాగానే ఉంది.

మూడో రోజు మళ్లీ ఆగింది. యాదగిరి మళ్లీ వచ్చాడు. జ్యోతి ఈసారి సెన్సర్‌కు పోయే తీగలను కూడా మీటర్ పెట్టి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు కరెంటు సక్రమంగా అందుతోంది. వైరు మంచిదేనని, తాను వేసిన సెన్సరే నాసిరకమై ఉంటుందనుకుని, కంపెనీ సెన్సర్ తెప్పించింది. అదే బండికి వెనక్కి నడిపేటప్పుడు వెలగాల్సిన లైటు వెలగడం లేదు. ఆ పని సునందది. బండిని జాకీల మీద ఎత్తి ఉంచగా ఆమె కిందికి దూరి, గేర్‌బాక్స్ పక్కన టార్చి వేసింది.

స్టార్టర్ మోటార్ వెనక ఒక ఇనుప పట్టీకి చిన్న రంధ్రం ఉంది. ఆ రంధ్రంలో క్లిప్పు ఉండాలి. లేదు. ఎక్కడో క్లచ్చు పని చేసినవాళ్లు గేర్‌బాక్స్ దించి, మళ్లీ ఎక్కించేటప్పుడు దాన్ని బిగించడం మరిచిపోయారు. పట్టు లేని తీగ వేలాడి ఆ పట్టీ అంచుకు రాసుకుంటోంది. పైతొడుగు అరిగి, లోపలి రాగి ఒక నువ్వుగింజంత మేర మెరుస్తోంది. తీగ తెగలేదు కాబట్టి మీటర్‌కు దొరకదు. ఇంజను ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం ఆ రాగి ఇనుముకు తాకుతుంది. తాకిందంటే సెన్సర్ మాట అక్కడే ఆగిపోతుంది.

సునంద పిలవబోయింది. "జ్యోతీ" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే పైనుంచి పాండు యాదగిరితో అనడం వినిపించింది: "మా ఇంటామె చేతుల పడ్డదంటే ఇగ ఫికర్ లేదన్నా. ఈ చుట్టుపక్కల గిట్ల కోడు చదివేటోళ్లు ఇంకెవరున్నరు?"

సునంద టార్చి ఆర్పింది. తన లైటు తీగను అతికించుకుని, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మర్నాడు లక్ష్మీనరసమ్మ ఫోన్ చేసింది. వేరే ఏవో ముచ్చట్ల మధ్య బండి సంగతి వచ్చింది. "ఖాళీగ ఉంటే ఏం కాదు పిల్లా. ఏడుగురం నిండుగ కూసున్నమంటే చాలు, రుద్రారం చడావు ఎక్కంగనే బంద్ అయితది" అంది. సునందకు ఇంకేం అనుమానం మిగల్లేదు. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే ఇంజను బాగా ఒరుగుతుంది. షెడ్డులో వీళ్లు బండిని ఖాళీగా, చదును రోడ్డు మీద నడిపి చూస్తున్నారు. అందుకే దొరకడం లేదు. ఈ సంగతి ఆమె జ్యోతికి చేరవేయలేదు. "యాదగిరి ఈ మాట జ్యోతికి చెప్పిండా?" అని కూడా లక్ష్మీనరసమ్మను అడగలేదు.

ఆమె ఎదురుచూపంతా ఒక్క మాట కోసం. అందరి ముందూ జ్యోతి "నాతోని కాదు" అనాలి. అన్న మరుక్షణం తాను కిందికి దూరి, రెండు నిమిషాల్లో ఆ తీగను చూపించాలి. ఆ దృశ్యాన్ని ఆమె రోటీలు కాలుస్తూ, బట్టలు ఉతుకుతూ మనసులో ఎన్నిసార్లు చూసుకుందో లెక్కలేదు. ఒకసారి ఆ దృశ్యంలో తెల్లాపూర్ వీడియో ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు.

బండి మూడోసారి ఆగింది. జ్యోతి ఓటమి మాత్రం ఒప్పుకోలేదు. తనకు చదువు చెప్పిన సార్లకు ఫోన్లు చేసింది, కాగితం మీద తీగల పటం గీసుకుంది, తిండి తగ్గించింది. చివరికి కంప్యూటరే పాడైందేమో అనే అనుమానంలో పడింది. అది మార్చాలంటే బండి అమ్ముకున్నంత పని అని యాదగిరి తల పట్టుకున్నాడు. పాండు కూడా పెళ్లాన్ని దెప్పడం మొదలుపెట్టాడు. బుక్కుల చదువు వేరు, బండి వేరు అన్నాడు. జ్యోతి కళ్లు తుడుచుకోవడం సునంద చూసింది. చూసి సంతోషపడింది. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. ఆ తర్వాత పుల్లటి తేన్పులా గొంతులో నిలిచిపోయింది. అయినా నోరు విప్పలేదు. ఇన్ని రోజులు దాచి ఇప్పుడు చెబితే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. దాచిన మాటకు రోజులు గడిచేకొద్దీ బరువు పెరుగుతుందని ఆమెకు అప్పుడు తెలిసింది.

తీగను చూసిన ఎనిమిదో రోజు, తల్లికి మోకాళ్లు పట్టేశాయని కబురొస్తే సునంద ఊరికి పోయింది. మరునాడు పొద్దున తిరిగి రావడానికి యాదగిరి బండే ఎక్కింది. బస్సు ఉంది, కానీ ఎక్కలేదు. తాను అనుకున్నది నిజమో కాదో కళ్లారా చూసుకోవాలని ఉంది. ఏడుగురు ఆడవాళ్లు, ఎనిమిదో మనిషి తను. టిఫిన్ సంచులు ఒళ్లో పెట్టుకుని ఇరుక్కుని కూర్చున్నారు. లక్ష్మీనరసమ్మ జరిగి చోటిచ్చింది. కంది దాటారు. ముచ్చట్లు సాగుతున్నాయి.

రుద్రారం దగ్గర ఎత్తు మొదలైంది. యాదగిరి గేరు తగ్గించి గట్టిగా తొక్కాడు. సగం ఎక్కారో లేదో, ఎవరో గొంతు నొక్కినట్టు ఇంజను ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. బండి రోడ్డు నడిమధ్యలోనే నిలిచిపోయి, ఒక్క క్షణం తర్వాత వెనక్కి జారడం మొదలైంది. యాదగిరి రెండు చేతులతో హ్యాండ్‌బ్రేక్ లాగాడు. వెనక నుంచి ఒక ట్యాంకర్ వస్తోంది. దాని హారన్ ఆగకుండా మోగింది, తర్వాత బ్రేకులు కీచుమని అరిచాయి. వెనక అద్దంలో ట్యాంకర్ ముఖం తప్ప ఇంకేమీ కనపడలేదు. మూరెడు దూరంలో అది ఆగింది.

బండిలో ఎవరూ అరవలేదు. వెనక సీట్లో కూర్చున్న కొత్త పిల్ల ఒకతి, సునంద చేయిని గోళ్లు దిగేలా పట్టుకుని ఉంది. పట్టుకుందని ఆ పిల్లకు కూడా తెలియదు. ఈ ఏడుగురూ తొమ్మిది రోజులుగా ఇదే ఎత్తు ఎక్కుతున్నారన్న సంగతి సునందకు ఫోన్లో విన్నప్పుడు తట్టలేదు.

అందరూ దిగి, బండిని రోడ్డు వారకు తోశారు. చక్రాల కింద రాళ్లు పెట్టారు. యాదగిరి జ్యోతికి ఫోన్ కలపబోయాడు. సునంద అతని చేయి ఆపి, బానెట్ తెరవమంది. చీర చెంగు బిగించి, రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరింది. లక్ష్మీనరసమ్మ టిఫిన్ సంచి తాడు అడిగి తీసుకుంది. యాదగిరి దగ్గరున్న నల్ల టేపును అరిగిన చోట మూడు చుట్లు చుట్టి, తీగను పట్టీకి దూరంగా లాగి తాడుతో కట్టింది. ఇంజను వేడికి మోచేయి చుర్రుమన్నా వెనక్కి తీయలేదు. బయటికి వచ్చి, "ఇగ కొట్టు" అంది. బండి స్టార్టయింది. ఎనిమిది మంది ఆడవాళ్లతో ఎత్తంతా ఎక్కింది, ఇస్నాపూర్ దాటింది, ఎక్కడా తడబడలేదు.

బండిలో అందరూ ఆమెను ఆకాశానికెత్తారు. మా సునంద చేయి పడితే అంతే అన్నారు. యాదగిరి పట్టిన పీడ వదిలిందని దండం పెట్టాడు. ఇన్నాళ్లూ సునంద కలగన్నది ఆ మాటలే. లక్ష్మీనరసమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. కంపెనీ గేటు దగ్గర మిగతావాళ్లు లోపలికి నడిచాక, ఆమె సునందను పక్కకు పిలిచింది.

"నువ్వు వెతకలేదు పిల్లా" అంది మెల్లగా. "నేను వంగి చూస్తనే ఉన్న. సీదా అక్కడ్నే చెయ్యి పెట్టినవ్."

సునంద పమిటతో మోచేయి మసి తుడుచుకుంది.

"ఫోన్ల నీకు చెప్తి గద, చడావు మీద బంద్ అయితుందని. గప్పుడే ఎరుకేనా నీకు?"

సునంద తల ఎత్తలేదు. లక్ష్మీనరసమ్మ తాడు లేని టిఫిన్ సంచిని చంకలో ఇరికించుకుని గేటులోకి వెళ్లిపోయింది.

సునంద షెడ్డుకు చేరేసరికి వార్త ఆమె కంటే ముందు చేరింది. యాదగిరి ఫోన్ చేసి అంతా చెప్పాడు. శ్రీశైలం ముఖం వెలిగిపోతోంది. తన పెళ్లాం పనితనం గురించి టైర్ల కొట్టు ఆయనకు చెబుతున్నాడు. పాండు జ్యోతి వైపు చూసి, రెండు సెన్సర్లు మార్చినా దొరకనిది వదినె తాడు ముక్కతో పట్టేసిందని ఎత్తిపొడిచాడు. ఏ మాట వినాలని సునంద తొమ్మిది రోజులు వేచి ఉందో అదే మాట. విన్నాక ఆమెకు ఎక్కడైనా కూర్చోవాలనిపించింది.

జ్యోతి దగ్గరికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఏదో తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. తీగ ఎక్కడ అరిగిందో, మీటర్‌కు ఎందుకు దొరకలేదో అడిగింది. సునంద చెప్పింది. జ్యోతి తల ఊపుతూ విని, ఉన్నట్టుండి ఆగింది.

"రోడ్డు మీద పండుకుంటే అది కానరాదు గదక్కా. బండి పైకి లేపితేనే కానొస్తది. నువ్వెప్పుడు చూసినవ్?"

అబద్ధం చెప్పడం తేలిక. వేలికి తగిలిందంటే సరిపోయేది, అందరూ నమ్మేవాళ్లు. కొత్త పిల్ల గోళ్ల గాట్లు సునంద చేతి మీద ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"రివర్స్ లైట్ చేసిననాడు" అంది.

"తొమ్మిది రోజులాయె."

"ఊఁ."

"నేను సెన్సర్ ఇప్పుతుంటె పక్కన్నే ఉన్నవ్ నువ్వు."

"ఉన్న."

శ్రీశైలం మాట్లాడుతున్న మాట మధ్యలో ఆపేశాడు. జ్యోతి ఇంకో అడుగు ముందుకు వేసింది.

"నేనేం చేసిన నీకు?"

"నువ్వేం చెయ్యలే జ్యోతీ. నాకే ఓర్వబుద్ధి గాలే."

జ్యోతి స్కానర్‌ను పెట్టెలో పెట్టి, జిప్పు వేసి, ఇంటికి నడిచిపోయింది. శ్రీశైలం ఆ రోజంతా భార్యతో మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నమే సునంద యాదగిరి బండిని పిలిపించి, తీగ మార్చి, కొత్త క్లిప్పు బిగించింది. ముందే చూసినా చెప్పలేదని అతనికి కూడా తానే చెప్పింది. యాదగిరి తాళం చెవి తీసుకుని వెళ్లాడు. ఆ తర్వాత కూడా బండి ఆ షెడ్డుకే తెచ్చేవాడు కానీ, పని అయ్యే దాకా పక్కనే నిలబడి ప్రతిదీ అడిగి తెలుసుకునేవాడు.

జ్యోతి నాలుగు రోజులకు తిరిగి పనికి వచ్చింది. పొద్దున చాయ్ ఇచ్చేది, అక్కా అని మాత్రం పిలిచేది కాదు. పనిలో అవసరం పడితే పాండుతో చెప్పించేది. సునంద బతిమాలలేదు. బతిమాలితే జ్యోతే తనను ఓదార్చాల్సి వస్తుందని, ఆ భారం కూడా ఆ పిల్ల మీద వేయకూడదని అనుకుంది. కంటికి ఏం కనిపించినా, అడిగినా అడగకపోయినా, అప్పటికప్పుడు పైకి చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ వైరు చిట్లింది, ఇక్కడ నీళ్లు దిగినయ్ అని గోడకు చెప్పినట్టు గట్టిగా అనేది. జ్యోతి విననట్టే ఉండి, వెళ్లి చూసేది.

రెండు నెలలు గడిచాక తెల్లాపూర్ నుంచి ఒక పెట్రోలు కారు వచ్చింది. నడుస్తుంటే కుదుపులు, అప్పుడప్పుడు స్టార్టు కాదు. స్కానర్‌లో మూడు మూడు ఆరు వచ్చింది. ఇదీ క్రాంక్ సెన్సర్ సంగతే, కానీ ఈసారి మాట అందడం లేదని కాదు, అందిన మాట పొంతన లేకుండా ఉందని. జ్యోతి సునంద పక్కకు వచ్చి నిలబడింది.

"వైరింగ్ సూడు. ఏమన్న కానొస్తే ఇప్పుడే చెప్పు" అంది.

సునంద ముప్పావు గంట కింద పడుకుని అంగుళం అంగుళం తడిమింది. లేచి వచ్చి, వైరింగులో ఏ లోపమూ లేదని, తనకేమీ దొరకలేదని చెప్పింది. జ్యోతి సెన్సర్ తీగకు మరో చిన్న యంత్రం తగిలించి, ఇంజను తిప్పి, తెర మీద పారుతున్న గీతను ఆపింది. పది నిమిషాల్లో జబ్బు పట్టేసింది. కారాయన ఆశ్చర్యపోయి, ఇంకో రెండు చోట్ల తిరిగి వచ్చానని, మీలాంటివాళ్లు దొరకరని జ్యోతిని పొగిడాడు. ఫోన్ తీసి ఆమె నంబరు రాసుకున్నాడు.

సునందకు కడుపులో మళ్లీ అదే మంట. ఏమీ తగ్గలేదు. వెనక్కి వెళ్లి, కుళాయి కింద చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. నీళ్లు కట్టేసింది. తర్వాత వచ్చి, జ్యోతి భుజం వెనక నుంచి తెర వైపు వంగింది.

"దీంట్ల నీకెట్ల తెలిసింది?" అని అడిగింది.

జ్యోతి ఆమె ముఖాన్ని ఒకసారి పరీక్షగా చూసింది. అప్పుడు తెరను కొంచెం ఇటు తిప్పి, గీత మీద వేలు పెట్టింది.

"ఇరుసు మీద పండ్ల చక్రం ఉంటదక్కా. ఒక్కో పన్నుకు ఒక్కో గుట్ట లేస్తది. లెక్కకు ఒక్కతాన్నే ఖాళీ ఉండాలె. ఇగో, చూడు, దీనికి రెండు ఖాళీలున్నయ్. ఒక పన్ను విరిగింది."

సునంద కళ్లు చిట్లించి, ఒక్కో గుట్టనూ వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.